ఎడమ అంచు

బిట్రగుంటలో బండి దిగినప్పుడల్లా
నా చూపు ముందు ప్లాట్‌ఫారం చివరికి పోతుంది.
లోకోషెడ్ ఉన్న చోట ఇప్పుడు కంప చెట్లు.
కంప వెనక మైదానం,
మైదానం మూల రేకుల గది,
గదిలో ఇండ్ల ప్రభుదాసు.

ఫైర్‌మన్ కొడుకు.
బొగ్గు గుట్టలెక్కి దిగి పాదాలు రాటుదేలినవాడు.
పద్దెనిమిదేళ్లకే లెఫ్ట్ అవుట్.
సున్నపు గీతకీ ఎదుటివాడి కాలికీ మధ్య
జానెడు సందుంటే చాలు,
బంతి ముందు, వెనకే మనిషి.
గూడూరు బ్యాకు ఒకడు, ఆట అయ్యాక
దగ్గరకొచ్చి ఆ ఎడమ పాదం తడిమి చూశాడంట,
లోపల ఏం దాచాడో అని.

నేనా ఆట చూళ్ళేదు. మా నాయన చూశాడు.
మా నాయన మాటల్లో సగం కొట్టేసినా
మిగిలింది ఎక్కువే.

తర్వాత మద్రాసు. మూడంటే మూడే మ్యాచిలు.
మూడోదానిలో గోలు ముందు వాన నీళ్లు నిలిచుంటే
మనిషి ఒక దిక్కుకీ మోకాలు ఇంకో దిక్కుకీ తిరిగాయి.
పెరంబూరు ఆసుపత్రిలో నలభై రోజులు,
ఆ పైన ఇక్కడే స్టోర్సులో గుమస్తా.
ఆవిరి ఇంజన్లు ఆగిపోయి, షెడ్డు మూతపడి,
టీము మొత్తం బదిలీ కాగితాల మీద
తలో ఊరికీ వెళ్లిపోతే
క్లబ్బులో మిగిలింది ఒక రిజిస్టరు, ఒక గాలి పంపు.
రెండూ ఆయనే తీసుకున్నాడు.

ఈ మధ్య కుర్రాళ్లు లెటర్‌హెడ్ మీద
స్పోర్టింగ్ డైరెక్టర్ అని అచ్చేయించారు.
కళ్లజోడు పైకి నెట్టి చదివి
"డైరెక్టరంటే ఏందబ్బయా,
పంపు ఎవరి చేతిలో ఉంటే వాడేగా" అన్నాడు.

పాత మోపెడ్ మీద ఇసకపల్లి దాకా పోయేవాడు.
తడి ఇసకలో ఆడే పిల్లల్ని కాదు,
ఆట అయ్యాక వాళ్ల అడుగుల్ని చూసేవాడు,
ఎవరిది లోతుగా దిగింది, ఎవరిది అసలు పడలేదు.
అట్టా దొరికినవాడే పోలయ్య.
వాణ్ణి మద్రాసు క్లబ్బు అడిగితే
పదకొండు జతల బూట్లకీ రెండు వలలకీ బేరం తెగింది.
ఒక వల మా గోలుకి.
రెండోది పోలయ్య నాయనకి, సముద్రానికి.

నా పేరు ఆ రిజిస్టర్లో నాలుగేళ్లుంది.
అయిదో ఏడు జూన్లో పిలిచి, కూర్చోమని, టీ తెప్పించి,
"నువ్వు బంతిని చూసి పరిగెడతుండావు.
అది రాబోయే చోటు చూడాల.
నేర్పితే వచ్చేది కాదబ్బయా" అన్నాడు.
ఎర్ర సిరా కూడా కాదు.
పేరుకి ఎడమ పక్క
పెన్సిల్‌తో చిన్న గీత.
ఆ టీ నేను తాగలేదు.

పదకొండేళ్లు ఆ గది వైపు పోలేదు.
టికెట్ కలెక్టర్నయ్యాను.
బండి కావలి దాటాక
ఎవరు లేస్తారో, ఎవరు తలుపు దగ్గరికొస్తారో
వాళ్లు కదలకముందే తెలిసిపోతుంది నాకు.
నేర్పితే రాదన్నాడే!
కోపం అప్పుడు ఇంకొంచెం పెరిగింది.

నిన్న పోయాను.
"ఆ పాత పుస్తకం తియ్" అన్నాడు, పలకరింపు లేకుండా.
నా పేజీ వెతుకుతున్నాననుకున్నాడో లేదో.
అట్ట విరిగి మొదటి పేజీ నా ఒళ్లో పడింది.
మొదటి పేరు: ఇండ్ల ప్రభుదాసు, లెఫ్ట్ అవుట్.
పక్కన ఆయన చేత్తోనే
అదే పెన్సిల్ గీత. కింద తేదీ.
అప్పటికి ఆయనకి ఇరవై ఆరు.

ఏమీ అడగలేదు నేను.
బయట ఎవడో గీత వెంబడి దూసుకొస్తున్నాడు,
పిల్లలు అరుస్తున్నారు, దుమ్ము.
ఆయన చూపు లెక్కల కాగితం మీదే ఉంది.
బల్ల కింద ఎడమ పాదం మాత్రం
ఒకసారి కదిలింది.

చూడనట్టు
గాలి పంపు అందుకున్నాను.